గేటుకు పట్టని బండి

మా వియ్యంకుడు పోయిన కబురు మా అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. పోయాడు అన్న మాట దాని నోట రాలేదు. "నాయనా, మామ అరుగు మీద కూర్చోనే ఉండాడు. టీ ఆరిపోయింది. పిలిస్తే పలకలా" అంది. నేను శ్రీకాళహస్తి పక్కన మా ఊళ్ళో మడికి నీళ్ళు కడుతున్నాను. చేతిలో పార ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి పరుగెత్తాలన్న తెలివి కూడా లేకపోయింది. పారతోనే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఎవరో నా చేతిలోంచి దాన్ని తీసుకుని, నన్ను బస్సెక్కించారు.

నాకు చదువు ఐదో తరగతితో సరి. రాసే అలవాటు లేదు. అయినా ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు. రాస్తూ రాస్తూ సంతోషం ఎక్కువై ఎక్కడైనా గీత దాటితే మన్నించండి. వియ్యంకుడు పోయిన దుఃఖంలో ఉన్నవాడికి ఇంత సంతోషం ఏమిటని మీరు అడుగుతారు. ఏం చెయ్యను, రెండూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి. ఒకదాన్ని లోపలికి రానిచ్చి రెండోదాన్ని వాకిట్లో నిలబెట్టడం నా వల్ల కాలేదు.

తిరుపతి నుంచి పాకాల దోవలో ఎప్పుడైనా బస్సెక్కి ఉంటే మీరు ఆయన్ని చూసే ఉంటారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయాడు. జీవితమంతా బస్సులోనే తిరిగినా స్టీరింగు ముట్టుకున్నవాడు కాదు. "బండి నడిపేది నాకు తెలీదు బావా. ఎప్పుడు నడపాలో చెప్పేది తెలుసు" అనేవాడు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి. "స్టాపులో ఒక మనిషి మిగిలుంటే రైట్ చెప్పకూడదు. ముసిలామె మూట కట్టుకుంటా ఉండినా సరే, బస్సు ఆగాల్సిందే."

ఆ ఇంటికి నా కూతుర్నిచ్చాను. అల్లుడికి సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు పని, వారానికొకసారి వస్తాడు. ఇంటి గేటు దాటి, మట్టిబాట దాటితే వాళ్ళ మామిడితోట. పెళ్ళయిన మొదటి ఏడే మా అమ్మాయి ఆ తోటను తన చేతిలోకి తీసుకుంది. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ కొమ్మ కాయ ముందు పండుతుందో దానికి తెలుసు. వియ్యంకుడు నాతో అనేవాడు, "నీ కూతురు వచ్చినాక తోటలో నేను ప్యాసింజర్‌ని అయిపోయినా."

ఒక కోతల కాలంలో, కాయల పెట్టెలు ఎక్కించిన ట్రాక్టరు మీదనుంచి మా అమ్మాయి వెనక్కి పడింది. వెన్నెముక దెబ్బతింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. నడుము కింద స్పర్శ రాలేదు. ఆస్పత్రి వరండాలో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తండ్రినన్న మాటే గానీ, ఆ రోజుల్లో నా వల్ల అయిన పని గోడకు ఆనుకోవడం ఒక్కటే.

ఇంటికి తెచ్చాక చక్రాల కుర్చీ వచ్చింది. ఇంట్లో తిరుగుతుంది, అరుగు మీదికి వస్తుంది, అంతవరకే. తోట మట్టిలో దాని చక్రాలు దిగబడిపోతాయి. ఒకసారి ఇద్దరు పట్టుకుని తోటలోకి మోసుకెళ్ళారు. తిరిగొచ్చాక మా అమ్మాయి మళ్ళీ పోనంది. ఏమ్మా అని మామ అడిగితే చెప్పింది, "నన్ను మోస్తా ఉంటే సెట్లు కనపడవు మామా. మోసేవాళ్ళ మొగాలే కనపడతాయి. ఎప్పుడు దించుదామా అని వాళ్ళు సూస్తా ఉంటారు." ఆ మాట విని నేను లేచి దొడ్లోకి వెళ్ళిపోయాను. ఆయన లేవలేదు. గేటు వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "అమ్మణ్ణీ, నువ్వు ఎవర్నీ పిలవకుండా తోటకు పొయ్యేట్టు సేస్తా. ఎవర్నీ పిలవకుండా."

అప్పటికి రెండు కాపులు మా అమ్మాయి చూడకుండానే వచ్చిపోయాయి.

మదనపల్లి అవతల ఎక్కడో కొండ పక్కన సెలవులకు వచ్చేవాళ్ళు ఆడుకునే చోటొకటి మూతపడితే, అక్కడి నుంచి పాత బండి ఒకటి లారీలో వేసుకొచ్చాడు. మోటారుసైకిలు హ్యాండిలు, లావు చక్రాలు నాలుగు, ఎర్ర రంగు. ఏటీవీ అంటారట. రోడ్డు మీద నడిపేది కాదు, రాళ్ళలో, మట్టిలో, గట్ల మీద పోయేది. దించేటప్పుడు ఊరంతా చేరింది.

"ఏం కండక్టరన్నా, రిటైరైనాక సర్కస్ పెడతా ఉండావా?"

"పెడతా ఉండా. నువ్వొచ్చేయ్, కోతి దొరకలేదని ఎదురుసూస్తా ఉండా."

ఆ బండిని ఉన్నదున్నట్టు నడపాలంటే కాళ్ళు కావాలి. గేరు కాలితో, వెనక బ్రేకు కాలితో. వాటిని చేతిలోకి తేవాలి. వీపుకు ఆనుకునే సీటు కావాలి. కాళ్ళు జారకుండా పెట్టెలు కావాలి. ఇదంతా ఇంట్లోనే, అరుగు పక్కన రేకుల కింద చేశాం. చేశాం అని, మా ఊరి నుంచి వచ్చిపోతుండే నేను కూడా కలిసిపోతున్నాను గానీ, నా పని టార్చి పట్టుకోవడం, అడిగిన పానా అందించడం. ఏ నంబరు అడిగినా పక్క నంబరు ఇచ్చేవాణ్ణి. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. "పర్వాలేదులే బావా, ఇది కూడా అవసరం పడతాది" అని పక్కన పెట్టుకుని మళ్ళీ చెయ్యి చాచేవాడు.

ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూసేవాళ్ళం. ఎక్కడెక్కడివాళ్ళో ఏవేవో భాషల్లో చెబుతుండేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆయనకూ కాదు. ఫోను గొంతు పూర్తిగా తగ్గించేసి, "మాట మనకొద్దు, సేతులు సూడు" అనేవాడు. ఇద్దరు ముసలివాళ్ళం చిన్న అద్దంలో ఎవరివో చేతులు చూస్తూ, అవి ఎటు తిప్పితే మా చేతులు అటు తిప్పుతూ కూర్చునేవాళ్ళం. వెల్డింగు మాత్రం సెంటర్లో చేయించుకొచ్చేవాడు. గేరుకు పొడుగు కడ్డీ అతికించి చేతికి అందేలా పైకి తెచ్చాడు. మొదట అది ముందుకు తోస్తే వెనక్కి పోయింది. ఆ దెబ్బకు వియ్యపురాలి కరివేపాకు చెట్టు పోయింది.

సీటుకు పాత జీపు బెల్టు బిగించిన రోజు చెప్పాలి. బరువు ఆపుతుందో లేదో చూడాలని నన్ను కూర్చోబెట్టి కట్టాడు. ఆపింది. ఆపి, మళ్ళీ వదల్లేదు. ఆయన లాగాడు, మా అమ్మాయి అరుగు మీదనుంచి వంగి లాగింది, కొబ్బరినూనె పోశారు. ఊహూ. మధ్యాహ్నం అయింది. వియ్యపురాలు వచ్చి చూసి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇరవై ఇళ్ళు తిరిగినా ఇట్లాంటి మర్యాద సూడలేదు. వియ్యంకుణ్ణి కట్టేసి అన్నం పెట్టే ఇల్లు మనదేనా?"

"పెట్టక్కా, కట్టేసినా పెడితే చాలు" అన్నాను నేను.

బండి మీదే కూర్చుని సంగటి తిన్నాను. ఆ రోజు మా అమ్మాయి నవ్వింది. దెబ్బ తగిలాక ఆ నవ్వు వినడం అదే మొదలు. పొట్ట పట్టుకుని, కుర్చీ పిడి మీద కొట్టి కొట్టి నవ్వింది. ఆయన నాకేసి చూశాడు, నేను ఆయనకేసి చూశాను. ఇంకా కాసేపు బెల్టు రాకుండా ఉంటే బాగుండునని ఇద్దరికీ అనిపించింది.

ఇంకొకటి ఉంది. బండి సైలెన్సరు కుడికాలి పక్కనుంచి పోతుంది. మంచి కాళ్ళున్నవాళ్ళకు సెగ తగిలితే కాలు తీసుకుంటారు. మా అమ్మాయికి కాలినా తెలియదు. ఈ సంగతి నాకు తట్టలేదు, అల్లుడికి తట్టలేదు, ఆయనకు తట్టింది. సైలెన్సరుకు మంట ఆపే గుడ్డపట్టీ చుట్టి, పైన రేకు కప్పాడు. తర్వాత పంచె మోకాళ్ళ పైకి కట్టి, బండి స్టార్టు చేసి, తన పిక్కను ఆ రేకుకు ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి మొహం మారింది.

"తియ్యి బావా, కాలతా ఉండాది" అన్నాను.

"ఆ పాప తియ్యగలదా? అట్లయితే నేనూ తియ్యకూడదు."

ఇంకో పొర చుట్టాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ కాలింది. రేకుకూ గొట్టానికీ మధ్య సందు పెంచాడు. చివరికి ఒక రోజు చాలాసేపు కూర్చుని, చల్లగా నవ్వి, "ఇప్పుడు కూర్చోమను" అన్నాడు. పిక్క మీద చింతగింజంత మచ్చ మిగిలిపోయింది. దానికి పసుపు రాయమంటే, "పనికొచ్చే మచ్చలే" అన్నాడు.

బెల్టుకు నొక్కితే ఊడే కొక్కెం వేసి, అరుగును కూడా సరిచేశాడు. దాని మీద కుర్చీలో కూర్చుంటే బండి సీటుకు సరిసమానంగా వచ్చేట్టు తెచ్చాడు. కుర్చీలోంచి చేతులాన్చి పక్కకు జరిగితే సీటు మీదికి వచ్చేట్టు. ఎక్కడానికి ఎవరూ పట్టుకోనక్కరలేదు, దిగడానికీ అక్కరలేదు. వాకిట్లోనే మా అమ్మాయి ముందుకూ వెనక్కీ నడపడం నేర్చుకుంది. ఆయన పక్కన నిలబడి, పోవచ్చు అనిపించినప్పుడు "రైట్" అనేవాడు, ఆగాలంటే రేకు మీద చేత్తో ఒక్కటి చరిచేవాడు.

అంతా అయింది, ఇంక తోటకు పోవడమే అనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. వాకిట్లో తానూ కాస్త నడపడం నేర్చుకున్నాడు గదా, ముందు తాను పోయి చూస్తానన్నాడు. తోటలో పడమటి పక్క నేల వాలుగా ఉంటుంది. అక్కడ బండి పక్కకు ఒరిగి ఆయన్ని గడ్డిలోకి దొర్లించింది. దెబ్బ తగల్లేదు. లేచి దులుపుకుంటూ అన్నాడు, "నేను దూకినా. ఆ పాప బెల్టు పెట్టుకోని ఉంటాది, దూకలేదు. బండి వెడల్పు కావాల."

చక్రానికీ బండికీ మధ్య పెట్టే ఇనుప దిమ్మెలు ఉంటాయట, స్పేసర్లంటారు. అవి పార్సిల్లో తెప్పించాడు. లావు టైర్లు కూడా తెప్పించాడు. రేకుల కింద రెండు రోజులు కూర్చుని నాలుగు చక్రాలకూ బిగించాం. పని అయ్యాక చూస్తే బండి నాలుగు పక్కలా కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆబోతులా ఉంది. మా అమ్మాయి ఎక్కింది. వియ్యపురాలు చీర మార్చుకుని వచ్చింది. బండి గేటు దాకా పోయి ఆగింది.

పట్టలేదు. గేటు స్తంభాలకు రెండు పక్కలా టైర్లు ఆనుకున్నాయి. నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువైంది.

బండిని కొలిచాం, సీటును కొలిచాం, అరుగును కొలిచాం. గేటును కొలవాలని మా ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. సన్నగా ఉన్నప్పుడు లోపలికి తెచ్చి, లోపలే లావు చేశాం. వియ్యపురాలు కాసేపు చూసి, "గాదెలో మేసిన ఎలక మాదిరిగా అయింది మీ బండి" అని లోపలికి పోయింది.

దిమ్మెలు తీసేద్దామన్నాను. "పడేదానికా?" అన్నాడు. బండిని గేటు బయటే పెడదామన్నాను. "అట్లయితే ఆడిదాకా మోసేదానికి మనిషి కావాల. మళ్ళీ పిలవాల." ఇంక మిగిలింది ఒక స్తంభాన్ని పడగొట్టి పక్కకు జరపడమే. గడ్డపార తెస్తానని నేను లేచాను. అప్పుడు వియ్యపురాలు గడప దగ్గరే నిలబడి చెప్పింది, "మూఢంలో ఇంటి మీద గడ్డపార పడేదానికి లేదు. ఒకసారి ఈ ఇంట్లో చెడు జరిగింది. ఇంకోసారి నేను తట్టుకోలేను."

మూఢం వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. పోవడానికి ఇంకా చాలా ఉంది. లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. ఆయన మాత్రం పెళ్ళాం మాట తీసెయ్యలేదు. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, గేటు ముందు సిమెంటు వాలు మీద, స్తంభం మొదలు నుంచి అది ఎక్కడికి జరగాలో అక్కడిదాకా గీత గీశాడు. "మూఢం పొయ్యిన పొద్దే ఈడికి" అన్నాడు. మర్నాడు తెల్లవారి వియ్యపురాలు కల్లాపి చల్లితే ఆ గీత పోయింది. ఆయన టీ తాగి వచ్చి మళ్ళీ గీశాడు. రోజూ అంతే. ఆమె చల్లేది, ఆయన గీసేవాడు. "ఇంతకాలం ఆగిన బస్సు, ఇంకొంచెం ఆగుతాది" అనేవాడు. అరుగు మీదనుంచి మా అమ్మాయి ఆ గీతకేసి చూస్తుండేది. తోటలో పూత మొదలైంది. గాలి ఇటు తిరిగితే ఆ వాసన వాకిట్లోకి వచ్చేది. అప్పుడు మాత్రం కుర్చీ తిప్పుకుని లోపలికి పోయేది. మడి పని మీద పడితే నేను మా ఊరికి వచ్చేశాను.

మూఢం పోకముందే ఆయన పోయాడు.

నేను వెళ్ళేటప్పటికి వాకిట్లో పడుకోబెట్టారు. బండి గేటు దాటదు గదా, బయట పెట్టడానికి లేదు. అరుగు పక్కకు తోసి దుప్పటి కప్పారు. కడసారి చూపుకు వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి, దుప్పటి కింద ఎర్రగా కనబడేదాన్ని చూసి, వెళ్ళిపోయారు. స్నానం చేయించేటప్పుడు నేను చెంబుతో నీళ్ళు పోశాను. కుడి పిక్క మీద ఆ చింతగింజంత మచ్చ కనబడింది. చెంబు పక్కవాడికి ఇచ్చేశాను. నా వల్ల కాలేదు. పాడె ఆ ఇరుకు గేటులోంచే, మోసేవాళ్ళు ఒకరి వెనక ఒకరు సర్దుకుని, బయటికి పోయింది. మా అమ్మాయి అరుగు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. "నన్ను ఎవరన్నా తీసకపోండి" అని అడగలేదు. అడిగితే ఎవరైనా మోసేవాళ్ళు. అది అడగదని నాకు తెలుసు. దాని పక్కన నిలబడి, దాని తల మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక, నా తువ్వాలు చివర నలుపుకుంటూ ఉండిపోయాను.

నేను అక్కడే ఉండిపోయాను. చావు జరిగిన ఇల్లు, కల్లాపి లేదు, ముగ్గు లేదు. బంధువుల్లో పెద్దవాళ్ళు, ఇంక ఏడాది తిరిగేదాకా ఇంట్లో ఏ పనీ తలపెట్టకూడదన్నారు. వాళ్ళు చెప్పేది మంచికే. నేను తలూపాను. ఆడపిల్ల తండ్రిని, ఆ ఇంటి స్తంభం గురించి నోరు విప్పడానికి నేనెవణ్ణి? ఏడాది అంటే ఇంకో కాపు కూడా పోయినట్టే. మా అమ్మాయి అరుగు మీదనుంచి వంగి బండి మీద దుప్పటి సరిచేసి, బెల్టు మడిచి దాని కింద పెట్టింది.

దినాలు జరుగుతుండగా ఒక పొద్దున నేను ముందుగా లేచి వాకిట్లోకి వచ్చాను. గేటు దగ్గర వియ్యపురాలు వంగి ఉంది. చేతిలో బొగ్గు. నీళ్ళు పడకపోయినా ఆ గీత జనం కాళ్ళ కింద మాసిపోయింది. ఆమె దాని మీదే, ఆయన గీసినంత పొడుగు, మళ్ళీ గీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అన్నా, నేనే ఆపినా" అంది.

"నువ్వు మంచికే చెప్పినావక్కా."

"మంచికే. చావు వచ్చేటప్పుడు మూఢం సూసుకోని వచ్చిందా?" చేతికంటిన మసి కొంగుకు తుడుచుకుంది. "దినాలు అయిన మర్నాడు గడ్డపార ఎత్తు. ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను అడగమను."

ఇన్నాళ్ళూ టార్చి పట్టుకోవడం తప్ప ఏమీ రాని నాకు, చివరికి నా చేతనైన పని దొరికింది. పడగొట్టడానికి పానా నంబర్లు తెలియనక్కరలేదు. దినాలు అయిన మర్నాడు అల్లుడూ నేనూ కలిసి కొట్టాం. మొదటి దెబ్బ నన్నే వెయ్యమన్నారు. నా కళ్ళకు నీళ్ళడ్డం వచ్చి గడ్డపార ఎక్కడ పడుతోందో తెలియలేదు. మధ్యాహ్నానికి రాళ్ళు పక్కకు లాగి, నేల ఊడ్చాం.

మా అమ్మాయి అరుగు మీదనుంచి సీటు మీదికి జరిగింది. ఎవర్నీ పిలవలేదు. బెల్టు పెట్టుకుంది, కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి పెట్టెల్లో పెట్టుకుంది. బండి స్టార్టు చేసింది. కదల్లేదు. గేటు వైపు చూస్తూ అట్లాగే కూర్చుంది. ఏమైందో మాకు తెలియలేదు. అల్లుడు అడుగు ముందుకు వేశాడు, వియ్యపురాలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు అర్థమైంది. అది ఆ మాట కోసం చూస్తోంది. ఆ మాట అనాల్సినవాడు లేడు.

కాసేపటికి తనే తల కొంచెం వంచి, ఎవరికీ వినబడనంత మెల్లగా "రైట్" అంది.

బండి గీత దాటింది, బాట దాటింది, తోటలోకి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. మామిడికొమ్మల వెనక ఎర్రరంగు కాసేపు కనబడి, తర్వాత చప్పుడు మాత్రం మిగిలింది. ఆ చప్పుడు పడమటి వాలు మీదికి పోయి, అక్కడ ఒక్కచోటే నిలిచి, చాలాసేపు వినబడుతూనే ఉంది. నా కాళ్ళు పరుగెత్తబోయాయి. మళ్ళీ నేనే వాటిని ఆపుకున్నాను. పిలిస్తే గదా పోవాలి. అది పిలవలేదు. నేను పడగొట్టిన రాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. ఇంత చేసిన మనిషికి ఏ రకంగా దండం పెట్టాలో నాకు చేతకాలేదు, ఇప్పటికీ చేతకావడం లేదు.

మర్నాడు తెల్లవారి వియ్యపురాలు వాకిట్లో మళ్ళీ కల్లాపి చల్లింది. గేటు దాకా వచ్చి ఆగింది. సిమెంటు వాలు మీద బొగ్గు గీత, దాని మీదుగా పోయి మళ్ళీ తిరిగొచ్చిన లావు టైర్ల అచ్చులు. ఆమె బిందె నడుముకు ఆనించుకుని, ఆ చోటు వదిలిపెట్టి, చుట్టూ చల్లింది.